ఎమ్‌వన్ మార్కులు ఎక్కడ జారిపోతాయి

ఇంటర్ ఎంపీసీలో తొమ్మిది వందల పైచిలుకు తెచ్చుకున్న పిల్లలు కూడా బీటెక్ మొదటి సెమిస్టర్ లెక్కల సబ్జెక్ట్ ఎమ్‌వన్‌లో మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) పేపర్లు ఇచ్చాక మొహాలు వేలాడేస్తారు. విజయవాడ, గుంటూరు కాలేజీల్లో ఏటా కనిపించే దృశ్యమే ఇది. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 80 లెక్కలవే. నెగెటివ్ మార్కులు లేవు. ఆప్షన్లు ఒక్కొక్కటీ ప్రతిక్షేపించి జవాబు పట్టేయవచ్చు. ఆ పని రెండేళ్లు చేసి చేసి, స్టెప్పు రాయడమే మరిచిపోతారు. బీటెక్‌లోనేమో మార్కులన్నీ స్టెప్పుకే.

జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్న కాలేజీల్లో ఆర్23 రెగ్యులేషన్ (2023 నాటి సిలబస్, పరీక్షల నిబంధనలు) ప్రకారం మొదటి సెమిస్టర్‌లో లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాలిక్యులస్, రెండో సెమిస్టర్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అండ్ వెక్టర్ కాలిక్యులస్ ఉంటాయి. పేర్లు మారినా పిల్లల నోట ఎమ్‌వన్, ఎమ్‌టూలే. అటానమస్ కాలేజీల సిలబస్ వాళ్లదే కాబట్టి విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకం కొనేముందు యూనిట్లు సరిపోల్చుకోండి. సీనియర్ ఇచ్చాడు కదా అని అంతకుముందు సిలబస్ ఆర్20 ఆల్ ఇన్ వన్ గైడు ముందేసుకుని కూర్చుంటే, లేని చాప్టర్ చదివి ఉన్నది వదిలేస్తారు.

చివరి పరీక్ష 70 మార్కులకు. రెండేసి మార్కుల చిన్న ప్రశ్నలు పది, ఆపైన యూనిట్‌కొకటి చొప్పున పదేసి మార్కుల ప్రశ్నలు ఐదు. ప్రతి యూనిట్‌లోనూ ఇదో అదో ఎంచుకోవచ్చు. ఇంటర్నల్స్ (కాలేజీలోనే వేసే మార్కులు) 30కి 30 వచ్చినా 70లో కనీసం 25 రావాలి. రెండూ కలిపి 100కి 40 ఉండాలి. ఇంటర్నల్స్ 12 అయితే ఆ 25 చాలదు, 28 కావాలి. ఈ చిన్న కూడిక వేసుకోకే చాలామందికి సబ్జెక్ట్ పోతుంది.

ఎమ్‌వన్‌లో అందరూ నమ్ముకునేది ఐగెన్ విలువల లెక్క, అంటే మ్యాట్రిక్స్ ఒక వెక్టర్‌ను (ఐగెన్ వెక్టర్) గుణిస్తే అదే వెక్టర్‌కు ఎన్ని రెట్లు వస్తుందో ఆ సంఖ్య కనుక్కోవడం. ఎక్కువమంది తప్పేదీ అదే. 2 2 1, 1 3 1, 1 2 2 వరుసలున్న మ్యాట్రిక్స్ తీసుకోండి. డిటర్మినెంట్‌ను లామ్డాతో (కనుక్కోవాల్సిన ఐగెన్ విలువతో) సహా విప్పుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట గుర్తు తారుమారవుతుంది. దానికన్నా మూడు సంఖ్యలు లెక్కగట్టడం నయం. వికర్ణం మొత్తం 2+3+2, అంటే 7. వికర్ణం మీది రెండేసి వరుసల చిన్న డిటర్మినెంట్లు 4, 3, 4, కలిపితే 11. మొత్తం డిటర్మినెంట్ 5. ఇక సమీకరణం లామ్డా క్యూబ్ మైనస్ 7 లామ్డా స్క్వేర్ ప్లస్ 11 లామ్డా మైనస్ 5 ఈక్వల్ టు సున్నా. విలువలు 5, 1, 1. కూడితే 7, గుణిస్తే 5 వచ్చాయా లేదా చూడటానికి పది సెకన్లు చాలు. ఈ మ్యాట్రిక్స్‌లో ప్రతి వరుస మొత్తమూ 5 కాబట్టి 5కి ఐగెన్ వెక్టర్ (1, 1, 1) అని చూడగానే చెప్పేయవచ్చు.

అసలు తిప్పలు 1 దగ్గర. వికర్ణంలోని ప్రతి సంఖ్య నుంచీ 1 తీసేస్తే మూడు వరుసలూ 1 2 1 అయిపోతాయి. మిగిలేది ఒకే సమీకరణం: ఎక్స్ ప్లస్ 2వై ప్లస్ జెడ్ ఈక్వల్ టు సున్నా. ఇక్కడ ఒక్క వెక్టర్ రాసి ఊరుకుంటారు. ర్యాంక్ (స్వతంత్ర వరుసల సంఖ్య) 1, తెలియనివి 3, కాబట్టి రెండు స్వతంత్ర వెక్టర్లు రావాలి: (-2, 1, 0), (-1, 0, 1). ఒకటే రాస్తే తర్వాత ఐగెన్ వెక్టర్లను నిలువు వరుసలుగా పేర్చి చేసే డయాగనలైజేషన్‌లో మూడో నిలువు వరుసకు ఏం రాయాలో తోచదు.

సమీకరణాలను రౌండ్లు రౌండ్లుగా సాధించే గాస్ సైడల్ పద్ధతిలో వచ్చే తప్పు ఇంకో రకం. ఎక్స్+10వై+జెడ్, 10ఎక్స్+వై+జెడ్, ఎక్స్+వై+10జెడ్, మూడూ 12కి సమానం అని ఇస్తారు. ఇచ్చిన వరుసలోనే సున్నాలతో మొదలుపెడితే మొదటి రౌండ్‌లోనే ఎక్స్ 12, వై -108 అయి కూర్చుంటాయి. క్యాలిక్యులేటర్ పాడయిందనుకుంటారు గానీ పాపం దాని తప్పేం లేదు. మొదటి రెండు సమీకరణాలూ అటూ ఇటూ మార్చి, పెద్ద గుణకం వికర్ణం మీదికి తెచ్చుకుంటే 1.2, 1.08, 0.972 వచ్చి, రెండు మూడు రౌండ్లలో 1, 1, 1 దగ్గరికి చేరతాయి. ఎందుకు మార్చారో ఒక్క వాక్యం రాయండి.

డబుల్ ఇంటిగ్రల్‌లో క్రమం మార్చమంటే బొమ్మ గీయకుండా హద్దులు అటూ ఇటూ మార్చేస్తారు. ఎక్స్ 0 నుంచి 1, వై ఎక్స్ నుంచి 1 అయితే ప్రాంతం (0,0), (0,1), (1,1) మూలలున్న త్రిభుజం. క్రమం మారాక వై 0 నుంచి 1, ఎక్స్ 0 నుంచి వై. లోపల ఇ పవర్ వై స్క్వేర్ ఉంటే మొదటి క్రమంలో ముందుకు కదలదు. రెండో క్రమంలో రెండు లైన్లలో (ఇ - 1)/2 వచ్చేస్తుంది.

ఎమ్‌టూ సంగతి ఒక్కటే చెబుతాను. డీ స్క్వేర్ మైనస్ 4 ఆపరేటర్ (డీ అంటే అవకలనం), కుడివైపు ఇ పవర్ 2ఎక్స్. డీ బదులు 2 పెడితే హారం సున్నా. అప్పుడు లవంలో ఎక్స్ వేసి, హారానికి డీతో అవకలనం 2డీ తీసుకుని, అందులో డీ బదులు 2 పెట్టాలి. పీఐ (పర్టిక్యులర్ ఇంటిగ్రల్): ఎక్స్ ఇ పవర్ 2ఎక్స్ బై 4.

రెండో ఏడాది దారులు విడిపోతాయి. సీఎస్‌ఈ వాళ్లకు డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ అండ్ గ్రాఫ్ థియరీ, ట్రిపుల్ఈ వాళ్లకు కాంప్లెక్స్ వేరియబుల్స్‌తో న్యూమరికల్ మెథడ్స్. ఈ న్యూమరికల్ మెథడ్స్‌కు కూర్చునే ముందు క్యాలిక్యులేటర్‌ను రేడియన్‌లో పెట్టండి. కాస్ ఎక్స్ ఈక్వల్ టు ఎక్స్‌కు మూలం 0.7391. మీకు 0.9998 వచ్చిందంటే డిగ్రీ మోడ్‌లో ఉన్నట్టే.

డిప్లొమా చేసి ఈసెట్ ద్వారా నేరుగా రెండో ఏడాదిలో చేరేవాళ్లు ఎమ్‌వన్, ఎమ్‌టూ రాయనక్కర్లేదు. అలాగని వాటిని ముట్టుకోకుండా ఉంటే పాక్షిక అవకలనాలు, డబుల్ ఇంటిగ్రల్స్ వచ్చిన చోట ఆగిపోతారు. చేరే ముందు వేసవిలో ఈ రెండూ, ర్యాంకూ ఐగెన్ విలువలూ చూసుకుంటే చాలు. ఎమ్‌వన్ మొత్తం తిరగేయక్కర్లేదు.