నేషనల్ ఈవెంట్ అవార్డులు: ఎంట్రీ వేశాక, జ్యూరీలో కూర్చున్నాక

అవార్డులకు ఎంట్రీ వెయ్యొచ్చా, డబ్బులు దండగా అని తిరుపతిలో మా ఈవెంట్ల ఫీల్డు వాళ్ళు ఈ మధ్య కనిపించినప్పుడల్లా అడుగుతున్నారు. ఎంట్రీ వేసినవాణ్ణి, తర్వాత జ్యూరీలోనూ కూర్చున్నవాణ్ణి కాబట్టి, తెలిసింది ఒకసారి రాసి పడేస్తే ప్రతివాడికీ టీ కొట్టు దగ్గర చెప్పే బాధ తప్పుతుంది. ఎవరికి ఎన్ని మార్కులు వేశానో మాత్రం అడగొద్దు, బయట చెప్పనని సంతకం పెట్టిచ్చాను. ఆ అవార్డుల పేరూ ఇక్కడ అనవసరం.

కొత్తవాళ్ళ కోసం కాస్త. ఈవెంట్ కంపెనీలకు దేశం మొత్తం మీద ఈమా అని ఒక సంఘం ఉంది, 2008లో పెట్టారు, ఈమ్యాక్స్ పేరుతో అవార్డులిస్తారు. వావ్ అవార్డ్స్ లాంటివి ఇంకా ఉన్నాయి. ఇలాంటివాటిలో పద్ధతి కాస్త అటూ ఇటూగా ఒకటే: వాళ్ళు చెప్పిన తేదీల మధ్య జరిగిన ఈవెంట్ అయ్యుండాలి, కేటగిరీ ఎంచుకుని ఒక్కోదానికి విడిగా ఫీజు కట్టాలి, పైన 18 శాతం జీఎస్టీ. ఈవెంట్ గురించి రాతపూర్వకంగా ఒకటి రెండు పేజీలు, ఫొటోలు, రెండు మూడు నిమిషాల వీడియో (దీన్నే ఏవీ అంటారు), క్లయింట్ దగ్గర్నుంచి ఒక లెటర్. మొదట జ్యూరీ సభ్యులు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఆన్‌లైన్‌లో మార్కులు వేస్తారు. షార్ట్‌లిస్ట్ అయినవాళ్ళు జ్యూరీ ముందుకు వెళ్ళి ప్రెజెంటేషన్ ఇవ్వాలి. అంతే.

మేం వేసింది ఒక డాక్టర్ల కాన్ఫరెన్స్. తిరుపతిలో కాన్ఫరెన్స్ చేసినవాళ్ళెవరైనా సరే, రెండో రోజు పేరెత్తితే నిట్టూరుస్తారు. మొదటి రోజు ఇనాగరేషన్‌కు హాలు కిటకిటలాడుతుంది, దీపం వెలిగిస్తారు, శాలువాలు కప్పుతారు, ఫొటోలు దిగుతారు. మర్నాడు పొద్దున చూస్తే స్టేజీ మీద నలుగురు, ముందు వరసలో ముగ్గురు. మిగతావాళ్ళంతా కొండ మీద ఉంటారు. తప్పు పట్టలేం, ఇంత దూరం వచ్చి స్వామిని చూడకుండా ఎవరు పోతారు? 2012 డిసెంబర్‌లో నాలుగో ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడే జరిగాయి, 2017 జనవరిలో 104వ ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ ఎస్వీ యూనివర్సిటీలో జరిగింది. సభ ఎంత పెద్దదైనా, వచ్చినవాళ్ళు సైంటిస్టులైనా కవులైనా, ఊళ్ళో దిగగానే అడిగేది దర్శనం సంగతే.

అందుకని మేం వక్తల లిస్టు జోలికి పోకముందే దర్శనం లెక్క తేల్చుకున్నాం. మూడొందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు టీటీడీ నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతుంది, చూస్తుండగానే అయిపోతాయి. ఐడీ కార్డు వివరాలతో ఎవరి పేరు మీద వాళ్ళకే వస్తాయి కాబట్టి కంపెనీ తరఫున గంపగుత్తగా కొనిపెట్టే వీల్లేదు. రిజిస్టర్ చేసుకున్న ప్రతి డాక్టరుకూ ముందే చెప్పాం, టికెట్లు వదిలే రోజు పొద్దున్నే మళ్ళీ మెసేజ్ పెట్టాం, రెండో రోజు ఉదయం స్లాటే తీసుకోండి అని. ఆ పూట సెషన్లే పెట్టలేదు. చీకటితోనే బస్సులు కదిలాయి. ప్యాంటూ షర్టుతో దిగే మహానుభావులు ఉంటారని తెలుసు కాబట్టి ప్రతి బస్సులో కొన్ని పంచెలు అదనంగా పెట్టాం (అన్నీ అయిపోయాయి, నమ్మండి). సెషన్లు మధ్యాహ్నం రెండింటికి మొదలెట్టి రాత్రి ఎనిమిది దాకా నడిపాం. రెండో రోజు సాయంత్రం హాల్లో కుర్చీలు చాలక పక్క మండపం నుంచి తెప్పించాల్సి వచ్చింది. స్టాళ్ళు పెట్టిన మందుల కంపెనీల వాళ్ళు మాకు ఫోన్ చేసి మరీ థాంక్స్ చెప్పారు. వాళ్ళు థాంక్స్ చెప్పడం నా సర్వీసులో అదే మొదలు.

ఇదంతా పట్టుకుని జ్యూరీ ముందు నిలబడితే మొదటి ప్రశ్న: ఎల్‌ఈడీ వాల్ ఎంత సైజు పెట్టారు? రెండోది: స్టేజీ డిజైన్‌లో కొత్తదనం ఏంటి? అడిగేవాడికి చెప్పేవాడు లోకువ, చెప్పాను. దర్శనం సంగతి ఎత్తితే ఒకాయన, భలే ఉంది, ఆధ్యాత్మిక టచ్ అని నవ్వి పేజీ తిప్పేశాడు. ఆయనకు తిరుపతిలో రెండో రోజు హాలు ఎలా ఉంటుందో తెలిస్తే గదా! నిండిన హాలు ఫొటో చూపిస్తే, హాలు నిండడంలో వింతేముంది అన్నట్టు చూశారు. షార్ట్‌లిస్ట్ దగ్గరే ఆగిపోయాం. ఆ తర్వాత వేరే ఈవెంట్‌కి వేరే చోట బ్రాంజ్ వచ్చింది, దాని కథ అంత గొప్పది కాదు, వదిలేద్దాం.

చిన్న ఊళ్ళ నుంచి కూడా ఒకరు ఉండాలని ఆ పైన నన్ను జ్యూరీకి పిలిచారు. ఎంట్రీలు చదవడం మొదలుపెట్టాక తెలిసింది అసలు సంగతి. ఏవీలన్నీ ఒకేలా ఉంటాయి. డ్రోన్ పైనుంచి కిందికి దిగుతుంది, ఎవరో స్లో మోషన్‌లో చప్పట్లు కొడతారు, వెనకాల ఢమఢమా మ్యూజిక్. వాటిని చూసి మార్కులు వెయ్యడమంటే పెళ్ళి ఆల్బమ్ తిరగేసి భోజనం రుచి చెప్పమన్నట్టే. రాత్రి పన్నెండింటప్పుడు ఇలాంటివి వరసగా చూస్తే ఏది ఢిల్లీదో ఏది కొచ్చిదో కూడా గుర్తుండదు. అందుకే నేను ముందు రాసింది చదివి, ఏవీ చివర్లో చూడటం మొదలుపెట్టాను. దాంతో మార్కులు బాగానే తారుమారయ్యాయి.

క్లయింట్ లెటర్ల సంగతి మరీ ఘోరం. మా అంచనాలను మించి చేశారు అన్న ముక్క లేని లెటర్ దాదాపు లేదు. కంపెనీ వాళ్ళే టైపు చేసి తీసుకెళ్ళి సంతకం పెట్టించుకున్నారని పసిపిల్లాడికైనా తెలుస్తుంది. ఒకటి మాత్రం గుర్తుండిపోయింది, కాలేజీ ఉత్సవాలకు సంబంధించినది, ప్రిన్సిపాల్ లెటర్‌హెడ్ మీద చేత్తో రాసిన నాలుగు ముక్కలు: వర్షం వచ్చింది. పిల్లల్ని తొక్కిసలాట లేకుండా షెడ్డులోకి మార్చారు. ప్రోగ్రాం మళ్ళీ మొదలైంది. వచ్చే ఏడాదికి కూడా వీళ్ళకే చెప్పాం. తర్వాత జ్యూరీ అంతా ఒకచోట కూర్చున్నప్పుడు పక్కనున్న మెంబరు ఇదేం లెటరండీ అన్నాడు. అంతకంటే మంచి సర్టిఫికెట్ ఏముంటుందని నేను వాదనకు దిగాను.

ఇంకో గొడవ సౌండ్ మీద. ఓపెన్ గ్రౌండులో ప్రోగ్రాం, రాత్రి ఒంటిగంటకు కూడా జనం ఊగిపోతున్నారని ఏవీలో గడియారం చూపించి మరీ గొప్పగా చెప్పుకున్నారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట మైకులు బంద్. పండగలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇస్తే ఇవ్వొచ్చు, అదీ పన్నెండు దాటకూడదు, ఏడాదిలో 15 రోజులకు మించకూడదు. రూల్ తప్పినదానికి మార్కులెలా వేస్తామని నేనంటే, మనం చూడాల్సింది క్రియేటివిటీ, పోలీసు పని కాదు అని ఇంకొకాయన. చాలాసేపు నడిచింది. నేను తగ్గలేదు, ఆయనా తగ్గలేదు, ఎవరి మార్కులు వాళ్ళు వేసుకున్నాం.

తెలిసినవాళ్ళ ఎంట్రీ వస్తే లేచి బయటికి వెళ్ళిపోవాలి. ఈ రూల్ మాత్రం గట్టిగానే పాటిస్తారు, మన ఫీల్డులో అందరూ అందరికీ తెలిసినవాళ్ళే కాబట్టి కాఫీ మిషన్ దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. బడ్జెట్ గడి దగ్గర చాలామంది చెప్పలేం అని రాస్తారు. ఆరు లక్షల పనినీ ఆరు కోట్ల పనినీ ఒకే కేటగిరీలో పెట్టి, ఖర్చెంతో చెప్పకుండా పోల్చమంటే ఎలా పోలుస్తాం? బడ్జెట్ రాయండి. తక్కువైతే ఇంకా పెద్ద అక్షరాల్లో రాయండి.

ప్రెజెంటేషన్లలో నేను అందరినీ ఒకటే అడిగాను: జనరేటర్ ఆగితే ఏం చేసేవాళ్ళు? సూటు వేసుకొచ్చిన ఓనర్లు తలలు గోక్కున్నారు. ఒక టీములో మాత్రం వెనకాల గోడకానుకుని నిలబడిన లైటింగ్ కుర్రాడు ముందుకొచ్చి, నిజంగానే ఒకటి ఆగింది సార్, రెండు జనరేటర్లనూ కలిపి సింక్‌లో పెట్టినాం, లోడు రెండోది తీసుకుంది, లైటు కూడా మినుక్కుమనలేదు అన్నాడు. ఓనరు ఆ కుర్రాడి వైపు తిరిగి చూసిన చూపు చూడాలి, ఆయనకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది! రాసిచ్చిన పేజీల్లో దాని గురించి ఒక్క ముక్క లేదు, స్టేజీ మీది పూల గురించి మాత్రం ఒక పేరా ఉంది.

తిరుపతి వాళ్ళకు నేను చెప్పేది కూడా ఇదే. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ చూస్తూ పెరిగినవాళ్ళం. జనాన్ని గ్యాలరీల్లో ఎలా కూర్చోబెట్టాలో, గంటల తరబడి కూర్చున్నవాళ్ళకు నీళ్ళూ అన్నం ప్యాకెట్లూ ఎలా అందించాలో మనకు ఎవరూ క్లాసు పీకక్కర్లేదు. మనకది మామూలు సంగతి కాబట్టి ఎంట్రీలో రాయం. చదివేవాడు గుర్‌గావ్‌లో ఉంటాడు. ఇక్కడ మామూలుగా ఏం జరుగుతుందో మొదటి పేరాలోనే చెప్పి, మనం చేశాక ఏం మారిందో దాని కిందే రాయాలి, తలకాయలు లెక్కపెట్టిన కాగితం జత చెయ్యాలి. ముందు తెలుగులో, మనింట్లో వాళ్ళకు చెప్పినట్టు రాసుకోండి, ఇంగ్లీషు తర్వాత చూసుకోవచ్చు. నేరుగా ఇంగ్లీషులో మొదలెడితే పక్కవాడి ఎంట్రీలో ఉన్న మాటలే మనకూ వస్తాయి.

ఫీజు సంగతికొస్తే, ఒక్క కేటగిరీలో వెయ్యండి చాలు. ఒకే ఈవెంట్‌ని ఐదారు కేటగిరీల్లో తోసేవాళ్ళున్నారు, ఏ కేటగిరీలోకి సరిగ్గా వస్తుందో వాళ్ళకే తెలియదని జ్యూరీకి అర్థమైపోతుంది. అవార్డు ఫంక్షన్‌లో టేబుల్ (అంటే మనవాళ్ళు కూర్చునే సీట్లు) కొనమని ఫోన్లు వస్తాయి, కొనకపోయినా ఏమీ కాదు.

ఈ ఏడాది మేమూ ఒకటి వేస్తున్నాం, నేను జ్యూరీలో లేని చోట. ఎంట్రీ ఫారంలో పార్ట్‌నర్స్ అని ఒక గడి ఉంటుంది, ఎవరూ నింపరు. పూల మేస్త్రీ, షామియానా సప్లయర్, జనరేటర్ ఆపరేటర్, వంట మాస్టరు, బస్సుల ఏజెంటు, ఇలా పని చేసిన ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఇంటిపేరుతో సహా రాయించుకున్నాను. వంట మాస్టరైతే, నా పేరెందుకు సామీ, బిల్లు ఎప్పుడిస్తావో చెప్పు అన్నాడు. ఆ గడిలో ఐదు పేర్లకు మించి పట్టలేదు, మిగతావి పీడీఎఫ్ చేసి జత పెట్టాను.