మా వాకిట్లో తంగేడు పూయడానికి ఐదేళ్లు పట్టింది

మొన్న 2025 సెప్టెంబరు 21, ఆదివారం, ఎంగిలి పూల బతుకమ్మ, పండగ మొదటి రోజు. బతుకమ్మ పేర్చడానికి ఈసారి తంగేడు కొనలేదు. వాకిట్లో ఉన్న మూడు చెట్ల నుంచి మా అత్తమ్మ ఒక్కో గుత్తి తెంపి ఒళ్లో వేసుకుంటుంటే నేను గుమ్మడాకులు కడిగి తాంబాళంలో పరిచాను. ఆ సంతోషం ఇంకా తగ్గలేదు, అందుకే వెంటనే రాస్తున్నాను.

మాది హనుమకొండ. నా పుట్టిల్లు పరకాల దగ్గర. చిన్నప్పుడు తంగేడు కోసం ఎవరూ పైసా పెట్టలేదు. పొద్దున్నే చెరువు కట్ట మీదికి పోతే ఒడి నిండేది. ఇప్పుడు ఆ కట్ట పక్క బీడంతా ప్లాట్లు అయిపోయింది. హద్దురాళ్లు పాతేముందు జేసీబీ తిప్పితే మొదట పోయేది తంగేడు పొదలే. పట్నంలో పండగ పొద్దున గుప్పెడు కట్ట యాభై రూపాయలు అంటారు, విప్పి చూస్తే సగం వాడిపోయి ఉంటుంది. 2014లో తంగేడును తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. అంత పెద్ద పేరున్న పువ్వును మన ఇంట్లోనే పెంచుకుందాం అని 2020లో అనుకున్నాను.

నర్సరీకి పోయి తంగేడు అని అడిగాను. అరవై రూపాయలకు మోకాలెత్తు మొక్క ఇచ్చారు. కవరు మీద తంగేడు అని పెన్నుతో రాసి కూడా ఉంది. ప్రహరీ బయట, రోడ్డు వైపు నాటాం. ఏ ఇబ్బందీ లేకుండా పెరిగింది. మూడో ఏడు వానాకాలం చివర్లో పసుపు పచ్చ గుత్తులు వేసింది. అప్పటికి గోడ దాటి డాబా అంచు దాకా వచ్చింది. పొద ఇంత ఎత్తు ఎట్లా అయింది అని ఒక్కసారి కూడా నాకు అనుమానం రాలేదు.

2023 అక్టోబరు 14న ఎంగిలి పూలు. ముందు రోజు రాత్రి మా కాలనీ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో నేనే పెట్టాను: "ఈసారి తంగేడు ఎవరూ కొనకండి, మా చెట్టు విరగబూసింది, పొద్దున రండి." పదకొండు మంది సరేనన్నారు. తెల్లారి ఆరున్నరకే బుట్టలు, సంచులు పట్టుకొని వచ్చారు. మా ఆయన స్టూలు వేసుకొని కొమ్మలు వంచుతున్నాడు. ఎదురింటి వదిన వాళ్ల అత్త ఊరి నుంచి వచ్చి ఉంది, డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. ఆమె ఒక గుత్తి చేతిలోకి తీసుకొని, ఆకును ఇటు తిప్పి అటు తిప్పి, వాసన చూసి, "గిది తంగేడు గాదు బిడ్డా, సీమ తంగేడు. రోడ్ల పొంటి పెడ్తరు గదా, గా చెట్టు" అంది.

నేను ఒప్పుకోలేదు. "లేదవ్వా, నర్సరీలో తంగేడు అని రాసి ఇచ్చారు" అన్నాను. ఆమె కోప్పడలేదు. ఒక కొమ్మ కిందికి వంచి, "తంగేడైతే ఆకు మొదట్ల చెవులుంటయి. దీనికి యాడున్నయి? కాయ చూడు, బెత్తెడు దాటి ఎంత పొడుగుందో. తంగేడు కాయ గింత ఉంటదా?" అని అందరికీ చూపించింది. చూపించిన ప్రతిదీ నిజమే. పదకొండు మంది నిలబడి ఆకులు చూస్తున్నారు. ఎవరో వెనక నుంచి "అయితే మార్కెట్‌కు పోవాలె ఇగ, జల్ది పోదాం" అన్నారు. ఒకామె తన సంచిలో వేసుకున్న గుత్తులను మా గేటు దగ్గర మెల్లగా కింద పెట్టి పోయింది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. "పెట్టుకుంటే పెట్టుకోండ్రి, గౌరమ్మ ఏమంటది" అని అవ్వ సర్దిచెప్పబోయింది కానీ అప్పటికే సగం మంది ఆటో ఎక్కారు. ఎనిమిది దాటాక పోతే తంగేడు కట్ట రేటు రెండింతలు. ఆ రోజు వాళ్లందరూ నా మాట నమ్మి అంత డబ్బు పెట్టాల్సి వచ్చింది. సాయంత్రం వేయి స్తంభాల గుడి దగ్గర చప్పట్లు కొడుతూ తిరుగుతున్నా నా చూపు ఎవరి బతుకమ్మలో ఏ తంగేడు ఉందో దాని మీదే ఉంది. పరకాల దగ్గర పుట్టిన నేను, తంగేడు పూలలో పెరిగిన నేను, తంగేడును గుర్తుపట్టలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సోమవారం ఆ నర్సరీకి పోయాను. గొడవకు కాదు, ఇట్లా అయిందని చెప్పి అసలు మొక్క ఇమ్మని అడగడానికి. అక్కడాయన, "మూడేళ్లయినంక వచ్చి అడిగితే ఎట్లా మేడమ్? రెండూ పసుపు పూలే, రెండూ తంగేడే" అన్నాడు. అసలు తంగేడు ఉందా అంటే, "అది ఎవరన్నా పెంచుతరా? బీట్లల్ల ఊకెనే దొరుకుతది" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. ఊరికే దొరికే రోజులు పోయాయి కాబట్టే కదా నేను ఆయన దుకాణానికి పోయింది! ఇంకో మూడు చోట్ల అడిగాను. ఒకచోట పచ్చగన్నేరు చూపించారు. చెట్లు పంచే ఒక ఆఫీసుకు కూడా పోయాను. అక్కడ బయటి దేశాల నుంచి వచ్చిన మొక్కలు వరసలు వరసలుగా ఉన్నాయి, మన రాష్ట్ర పుష్పం ఒక్కటి లేదు. రాసుకొని పంపిస్తాం అన్నారు, ఇప్పటి దాకా ఫోన్ రాలేదు. అమ్మేవాళ్లు పేరు తెలిసి అమ్మాలి. తెలియకపోతే తెలియదని చెప్పాలి. అరవై రూపాయలు పోతే పోనీ, మూడు వానాకాలాలు ఎవరు తిరిగి ఇస్తారు?

అందుకే మీరు మోసపోకుండా గుర్తులు రాస్తున్నాను. తంగేడు పొదగానే ఉంటుంది, మనిషెత్తు లేదా ఇంకొంచెం ఎక్కువ. సీమ తంగేడు పెద్ద చెట్టు అవుతుంది. తంగేడు ఆకు కాడ మొదట్లో, కొమ్మకు అంటుకునే చోట, రెండు పక్కలా గుండ్రటి చిన్న ఆకులు ఉంటాయి. అవ్వ చెవులు అన్నది వాటినే. ఆ కాడ మీద ఒక్కో ఆకుల జంట మధ్య ఆవగింజంత మొటిమ నిలబడి ఉంటుంది, వేలితో తడిమితే తగులుతుంది. సీమ తంగేడు కాడ నున్నగా ఉంటుంది. తంగేడు కాయ పలచగా, ఎండితే కాగితంలా గలగలమంటుంది, గింజ గింజకీ మధ్య నొక్కినట్టు ఉంటుంది. సీమ తంగేడు కాయ దానికి ఇంచుమించు రెట్టింపు పొడవు, చెక్కలా గట్టిగా ఉంటుంది. పువ్వు చూసి మాత్రం కొనకండి.

పండగ అయ్యాక మా అన్నయ్య ఊరి నుంచి ఒక తంగేడు మొక్కను తవ్వి తెచ్చాడు. తల్లివేరు గునపంలా నిట్టనిలువుగా దిగింది, మూరెడు లోతులో తెగిపోయింది. నాలుగు రోజుల్లో ఎండింది. తవ్వి తేకండి, అక్కడ బతికేదాన్ని చంపడం తప్ప ఏం లేదు.

గింజలు 2024 ఫిబ్రవరిలో దొరికాయి. మేడారం జాతరకు పోయి వస్తుంటే మల్లంపల్లి దాటాక రోడ్డు పక్క ఎర్రమట్టి బీడులో ఎండిన కాయలతో పొదలు కనిపించాయి. బండి ఆపమన్నాను. ఈసారి ముందు చెవులు చూశాను, తర్వాత మొటిమలు తడిమాను, ఆ తర్వాతే కాయలు కోశాను. అమ్మవారి బంగారం, అంటే జాతర బెల్లం, దాని పక్కనే కొంగులో కట్టుకొని ఇంటికి తెచ్చాను.

జూన్‌లో మొదటి వాన పడ్డాక ఇరవై గింజలు వేస్తే మూడు వారాలైనా ఒక్కటీ మొలవలేదు. అమ్మకు ఫోన్ చేస్తే, "గింజ రాయి లెక్క ఉంటది, వేన్నీళ్ల పొయ్యి" అంది. నీళ్లు మరగబెట్టి, దించి, కాసేపు ఆగి గింజల మీద పోసి రాత్రంతా ఉంచాను. పొద్దున కొన్ని ఉబ్బాయి, కొన్ని ఉబ్బలేదు. ఉబ్బనివాటిని గచ్చు మీద ఒక పక్క కొంచెం రుద్ది మళ్లీ నానబెట్టాను. ఈసారి పది రోజులకు తొమ్మిది మొలిచాయి. కుండీలో వేయకుండా ఎక్కడ పెరగాలో అక్కడే వేశాను, వేరును కదిలించొద్దని.

మాది నల్లరేగడి, వాన పడితే వారం దాకా ఆరదు. అందుకని గోడ వారగా ఒక ట్రాలీ ఎర్రమట్టి, మొరం కలిపి జానెడు ఎత్తు కట్ట పోయించాను. ఎండ రోజంతా పడే చోటు. తొమ్మిదిలో ఐదు ఉంచాను. రెండు చచ్చిపోయాయి, నీళ్లు ఎక్కువై. అత్తమ్మ తులసికి పోసినట్టే వీటికీ రోజూ చెంబెడు పోసేది. ప్రేమతోనే పోసింది, కానీ ఆకులు పసుపెక్కాయి, పీకి చూస్తే వేరు నల్లగా మెత్తబడి ఉంది. మొదటి ఎండాకాలంలో వారానికి ఒకసారి పోశాను. ఆ తర్వాత వాన తప్ప నీళ్లు లేవు. ఎరువు అసలే వేయలేదు. మే నెల ఎండకు మందారం తల వేలాడేస్తే తంగేడు అట్లాగే నిలబడింది.

ఈ ఆగస్టులో పురుగు పట్టింది. పచ్చటి గొంగళ్లు, పక్కన ఒక గీత, రెండు రోజుల్లో కొమ్మలు బోడిగా చేశాయి. నాకు టెన్షన్ వచ్చి పురుగు మందుల దుకాణానికి పోతే పత్తికి కొట్టే డబ్బా చేతిలో పెట్టాడు. తీసుకోలేదు, తెంపి దేవుడి ముందు పెట్టే పువ్వు మీద అది ఎట్లా కొడతాం! ఏం చేయకుండా వదిలేశాను. కొన్ని రోజులకు వాకిలంతా లేత పసుపు తెల్ల సీతాకోకచిలుకలు. రెండు వారాల్లో చెట్టు మళ్లీ చిగురు వేసింది, ఆ చిగుళ్ల చివరే మొగ్గలు. ఏ మందూ కొట్టకండి.

పువ్వు విప్పాక పొద్దున పూట పది నిమిషాలు దగ్గర నిలబడండి. నల్లటి గండు తుమ్మెద వచ్చి పువ్వును కాళ్లతో పట్టుకొని ఒళ్లంతా వణికిస్తుంది, ఝుమ్మని చప్పుడు. తంగేడు పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి ఉండే కేసరాల కొనలో చిన్న రంధ్రం ఉంటుంది, ఆ వణుకుకే లోపలి పొడి బయట పడుతుంది. తుమ్మెద పొట్ట పచ్చబడిపోతుంది. ఊళ్లో అన్నేళ్లు పూలు కోసిన నేను ఇది ఎన్నడూ చూడలేదు.

మొన్న ఇరవయ్యో తేదీ సాయంత్రం ఎదురింటి అవ్వ తనే వచ్చింది. ఏం మాట్లాడకుండా ఒక ఆకు కాడ పట్టుకొని మొదట్లో చూసింది. తర్వాత కొంగు చాపి, "పొయ్యి బిడ్డా" అంది. మూడు చెట్లకు కలిపి మాకు, ఎదురింటికి, పక్కింటికి సరిపోయాయి. కొమ్మలు కొడవలితో కోయనియ్యలేదు, గుత్తులు మాత్రమే చేత్తో తెంపాం. పైన చిటారు గుత్తులు తుమ్మెదలకు వదిలేశాం.

సీమ తంగేడు బయట అట్లాగే ఉంది. కొట్టేద్దామని మా ఆయన అన్నాడు కానీ దాని నీడలో ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు ఒకతను, ఎండకాలమంతా అక్కడే ఉంటాడు. ఉండనీ. గ్రూపులో గింజలు కావాలని ఇప్పటికే ఏడుగురు అడిగారు. సంక్రాంతి దాటాక కాయ ఎండి గలగలమన్నాకే ఇస్తాను, ఈలోపు ఎవరూ పచ్చి కాయలు తెంపొద్దని చెప్పి పెట్టాను.