పొయ్యి వెలిగించిన పంతులమ్మ

ఇంగ్లండులోని నార్విచ్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చి నెలన్నర అయింది. కేథడ్రల్ చూపించారు, కోట చూపించారు, చలిలో వణుకుతూ సముద్రం కూడా చూశాను. "ఇంకేం చూస్తారు మామయ్యా?" అని అల్లుడు అడిగితే బర్‌స్టన్ అన్నాను. అతను ఫోన్‌లో వెతికి, "ఒక చర్చి, ఒక పబ్బు తప్ప అక్కడ ఏమీ లేదండీ" అన్నాడు.

"ఒక బడి ఉండాలి, సరిగ్గా చూడు" అన్నాను.

ఆ బడి గురించి మొదటిసారి విన్నది మా ఉపాధ్యాయ సంఘం సభలో. ఇంగ్లండులో ఒక పల్లెలో పిల్లలు సమ్మె చేశారనీ, అది పాతికేళ్లు నడిచిందనీ ఎవరో వేదిక మీద చెబితే, సభల్లో చెప్పే మాటల్లో సగం అబద్ధం ఉంటుంది కదా అని ఊరుకున్నాను. తర్వాత చదివితే అది నిజమే. 1914లో మొదలై 1939 దాకా, అంటే ఒక యుద్ధం మొదలవకముందు పుట్టి ఇంకో యుద్ధం ముంగిట్లో ముగిసింది.

అక్టోబరు శనివారం, సన్నటి వాన. నార్విచ్ నుంచి దక్షిణంగా పోయే రోడ్డు రోమన్లు వేసిన దారి మీదే ఉందట, గీత గీసినట్టు పోతుంది. దాని మీంచి పక్కకి తిరిగాక మాత్రం కంచెల మధ్య సందులే. ఎదురుగా ట్రాక్టర్ వస్తే మనమే వెనక్కి పోవాలి. డిస్ అనే చిన్న పట్టణానికి మూడు మైళ్ల దూరంలో ఉంది బర్‌స్టన్. ఊరి మధ్య పచ్చిక బయలు, దాని పక్కనే చర్చి, చర్చికి ఆనుకున్నట్టే సమ్మె బడి, కాస్త అవతల పబ్బు. రచ్చబండ దగ్గర నిలబడితే మన ఊళ్లో అన్నీ కనబడినట్టే ఇక్కడా కనబడ్డాయి. ఎవరి మీద ఎవరు తిరగబడ్డారో వాళ్లంతా ఒకరికొకరు కనుచూపు మేరలోనే బతికారన్నమాట.

బడి ఒక్కటే గది. తాళం పక్కింట్లో తీసుకోమని రాసి ఉంది. తలుపు కొట్టాం, తాళం చేతిలో పెట్టారు, పేరు కూడా అడగలేదు. మా అమ్మాయి నవ్వి, "ఏంటి నాన్నా అలా చూస్తున్నావు?" అంది. నాకు వేరే తాళం గుర్తొచ్చింది. అది తర్వాత చెబుతాను.

కథ మొదలయ్యేది 1911లో. యానీ కేథరిన్ హిగ్డన్, అందరూ కిట్టీ అనేవాళ్లు, ఇక్కడి ప్రభుత్వ బడికి ప్రధానోపాధ్యాయురాలిగా వచ్చింది. భర్త టామ్ ఆమెకింద సహాయ పంతులు. (అది కూడా ఆ రోజుల్లో ఊరికి మింగుడుపడని విషయమే అయి ఉంటుంది.) టామ్ సాయంత్రాలు సైకిలేసుకుని వ్యవసాయ కూలీల సంఘం పని మీద తిరిగేవాడు. 1913లో పారిష్ కౌన్సిల్‌కి ఎన్నికలు జరిగితే కూలీలు టామ్‌ని అందరికంటే ఎక్కువ ఓట్లతో గెలిపించారు. ఊరి రెక్టరు, అంటే చర్చి ఫాదరు గారు, రెవరెండ్ ఈలాండ్ ఓడిపోయాడు.

ఇక్కడ ఒక మాట విడమరచాలి. పారిష్ అంటే మనవాళ్లు చర్చి సంఘం అనుకుంటారు. ఇంగ్లండు పల్లెలో అది చర్చికీ, పంచాయతీకీ, రెవెన్యూ గ్రామానికీ కలిపి పేరు. 1894లో చట్టం చేసి చర్చి పనులనీ ఊరి పనులనీ విడదీసి, ఎన్నికైన పారిష్ కౌన్సిల్ పెట్టారు. కాలిబాటలు, శ్మశానం, కూలీలు కూరగాయలు పండించుకునే తోట ముక్కలు, ఇలాంటివి దాని కిందకి వచ్చాయి. కాగితం మీద విడదీశారు గానీ మనుషులు పాతవాళ్లే. బర్‌స్టన్‌లో రెక్టరే బడి మేనేజర్ల కమిటీకి పెద్ద. చర్చికి గ్లీబు అనే భూమి ఉంటుంది, మన గుడిమాన్యం లాంటిది, దాన్ని కౌలుకిచ్చేదీ ఖాళీ చేయించేదీ ఆయనే. కూలి మనిషి పనిచేసేది ఆసామి దగ్గర, ఉండే ఇల్లు కూడా చాలాసార్లు ఆ ఆసామిదే. పని పోతే ఇల్లు పోయింది. ఆసామి ఆదివారం చర్చిలో రెక్టరు ఎదురుగా మొదటి వరసలో కూర్చుంటాడు. ఇంత అల్లికలో ఒక పంతులు ఎన్నికల్లో నెగ్గితే ఏమవుతుంది?

బడి మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. ఇద్దరు ఆడపిల్లల్ని కొట్టిందన్నారు. మేనేజర్లతో మర్యాదగా ఉండదన్నారు. వీటి కంటే నాకు గుచ్చుకున్న ఆరోపణ ఇంకోటి ఉంది. మేనేజర్ల అనుమతి లేకుండా తరగతిలో పొయ్యి వెలిగించిందట. వానలో దూరం నుంచి నడిచొచ్చిన పిల్లల బట్టలు ఆరబెట్టడానికి.

ఇద్దరినీ తీసేశారు. 1914 మార్చి 31న వాళ్ల ఉద్యోగం ముగిసింది. మర్నాడు పొద్దున వయొలెట్ పాటర్ అనే అమ్మాయి ముందు నడిస్తే, బడిలో ఉన్న 72 మంది పిల్లల్లో 66 మంది జెండాలు పట్టుకుని ఊరంతా తిరిగారు. మా టీచర్లు మాకు కావాలి అన్న అట్టలు మెడలో వేసుకున్నారు. ఆ తేదీ ఏప్రిల్ 1 కాబట్టి రెండు రోజుల్లో సర్దుకుంటుందని పెద్దలు నవ్వుకుని ఉంటారు.

పిల్లల్ని బడికి పంపనందుకు డిస్ కోర్టు 18 మంది తల్లిదండ్రులకి జరిమానా వేసింది. పచ్చిక మీద నిలబడి చందా వసూలు చేసి కట్టేశారు. పాఠాలూ మొదట ఆ పచ్చిక మీదే చెప్పారు, తర్వాత ఒక వడ్రంగి కొట్లో. రెక్టరు గ్లీబు భూమిలోని పేద కౌలుదార్లని ఖాళీ చేయమన్నాడు. ఈలోగా యుద్ధం వచ్చింది. యుద్ధం నడుస్తుండగానే, బొగ్గుగని కార్మికులూ రైల్వే కార్మికులూ దేశం నలుమూలల నుంచి డబ్బు పంపితే 1917లో ఈ బడి లేచింది. మే 13న తలుపు తెరిచింది వయొలెట్ పాటరే.

ముందు గోడకి ఇటుకల వరసలా రాతిపలకలు. ఒక్కో పలక మీద చందా ఇచ్చిన సంఘం పేరు చెక్కి ఉంది. వాన నీళ్లు అక్షరాల్లోంచి జారుతుంటే నేను ఒక్కోటీ కూడబలుక్కుని చదివాను. ఎక్కడెక్కడి గనులో, ఏ ఊరి కార్మిక శాఖలో. వాటి మధ్య లియో టాల్‌స్టాయ్ పేరు. అల్లుడు దాన్ని ఫొటో తీసి, "మామయ్యా, ఇది ఆ టాల్‌స్టాయేనా?" అన్నాడు. ఇంజినీరు కుర్రాడు, ఆ ఒక్క పేరుతో మా ప్రయాణం అతని దృష్టిలో ఒక మెట్టు పైకెక్కింది.

లోపల ఫొటోలు, పాత కాగితాలు. ఫొటోల్లో పిల్లలు గంభీరంగా ఉన్నారు, అమ్మాయిలకి తెల్ల గౌన్లు.

సమ్మె గురించి రాసేవాళ్లంతా 1914 దగ్గరే ఆగిపోతారు. జెండాలు, ఊరేగింపు, కోర్టు, అంతవరకు బాగుంటుంది. నాకు ఆ తర్వాతి ఇరవై ఏళ్లే ఆశ్చర్యం. రెవరెండ్ ఈలాండ్ 1920లో ఊరు వదిలి వెళ్లిపోయాడు. పగ తీరింది కదా, పిల్లల్ని ప్రభుత్వ బడికి పంపేయొచ్చు. పంపలేదు. ఊళ్లో రెండు బళ్లు నడిచాయి, ఒకటి ప్రభుత్వానిది, రెండోది కూలీలది. బడి మానే వయసు 14కి పెరిగింది. అదే 1920లో ఈ ఊరున్న సౌత్ నార్‌ఫోక్ నియోజకవర్గం నుంచే జార్జ్ ఎడ్వర్డ్స్ పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. ఆరేళ్ల వయసులో పొలంలో కాకులు తోలే పనికి కుదిరిన మనిషి, పెళ్లయ్యాక భార్య దగ్గర చదవడం నేర్చుకున్నవాడు, కూలీల సంఘానికి పెద్ద. 1921లో ప్రభుత్వం ధాన్యం ధరకి ఇచ్చిన హామీ ఎత్తేసింది, దాంతో ధరలూ కూలిరేట్లూ కూలాయి. 1923 వసంతంలో నార్‌ఫోక్ కూలీలు పలుగూ పారా దించేశారు. వారానికి 50 గంటల పనికి 25 షిల్లింగులు అన్న చోట తేలింది.

ఇదంతా బయట జరుగుతుంటే లోపల కిట్టీ టీచరు ఏం చేసి ఉంటుంది? హాజరు పట్టీ వేసి ఉంటుంది. ఎక్కాలు చెప్పించి ఉంటుంది. కోతల కాలంలో రాని పిల్లల ఇళ్లకి వెళ్లి అడిగి ఉంటుంది. పాతికేళ్ల సమ్మె అంటే చివరికి పాతికేళ్ల పాటు రోజూ పొద్దున్నే బడి తెరవడమే. జెండా పట్టుకోవడం కంటే ఇది కష్టం, ముప్పై రెండేళ్లు పంతులుగా చేసిన నాకు తెలుసు. 1939 ఆగస్టులో టామ్ పోయాడు. కిట్టీకి అప్పటికే వయసైపోయింది. మిగిలిన కాసిని పిల్లలు ప్రభుత్వ బడిలో చేరారు.

గదిలో చాలాసేపు ఉన్నాను. ఇప్పుడు నా తాళం సంగతి. తొంభైల్లో డోర్నకల్ దగ్గర ఒక ఊళ్లో పనిచేసేవాణ్ణి. పాత గదులు కారుతుంటే కొత్త గది కట్టారు. ప్రారంభోత్సవానికి పెద్దలు రావాలి, అందాకా తాళం తియ్యొద్దని పైనుంచి మాట. జూన్ పోయింది, జూలై పోయింది. పిల్లలు వరండాలో జల్లు కొట్టకుండా గోడకి అంటుకుని కూర్చునేవాళ్లు. తాళం నా టేబుల్ సొరుగులోనే ఉంది. నేను మూడు ఉత్తరాలు రాశాను. మంచి దస్తూరితో, సవినయంగా. సెప్టెంబరులో రిబ్బను కత్తిరించారు.

మా అమ్మాయి కూడా ఆ ఏడాది ఆ వరండాలోనే కూర్చుంది. తనకి గుర్తుందో లేదో నేను అడగలేదు.

తాళం ఇచ్చేసి చర్చి ఆవరణలోకి వెళ్లాం. గోపురం లేని చిన్న చర్చి. హిగ్డన్ దంపతుల సమాధులు పక్కపక్కనే ఉన్నాయి, 1946లో కిట్టీ వచ్చి ఆయన పక్కన చేరింది. ఏ చర్చి పెద్దతో పాతికేళ్లు తగువు పడ్డారో ఆ చర్చి మట్టిలోనే. ఏటా సెప్టెంబరు మొదటి ఆదివారం ఇక్కడ ఊరేగింపు జరుగుతుంది, పిల్లలు నడిచిన దారినే నడుస్తారు. మేం నెల ఆలస్యంగా వచ్చాం.

పబ్బులో వేడి సూపు తాగి, పావుగంట దూరంలో వేవ్‌నీ వాగు దాటి సఫోక్ జిల్లాలోకి వెళ్లాం. వోర్తమ్ అనే ఊరు. అక్కడ దారిపక్కన ఒక రాయి చూడాలి. దాని మీద రాసి ఉన్నది ఇంతే: 1934, టైద్ యుద్ధం, 134 పందులు, 15 పశువులు, విలువ 702 పౌండ్లు, ఫిబ్రవరి 22న జప్తు.

టైద్ అంటే దశమభాగం. ఈ మాట నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా నాయనమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసేది, ఆదివారం గుడికి పట్టుకెళ్లేది. డోర్నకల్ చుట్టుపక్కల ఇళ్లన్నిట్లో ఆ కుండ ఉండేది. ఆ పిడికిళ్లు పోగయి పాస్టర్ల జీతాలకి సాయపడ్డాయి. అజరయ్య బిషప్పు కట్టించిన డోర్నకల్ గుడి ప్రతిష్ఠ జరిగింది 1939లో, బర్‌స్టన్ బడి మూతపడిన ఏడే. ఆ గుడీ అప్పట్లో ఈ ఇంగ్లండు చర్చి కుటుంబంలోదే. అక్కడ మనసుకి తోచి వేసే పిడికెడు, ఇక్కడ మాత్రం భూమి మీద పన్ను. కట్టకపోతే కోర్టు మనుషులు వచ్చి పందుల్ని తోలుకుపోతారు.

1836లో దాన్ని ధాన్యం నుంచి డబ్బులోకి మార్చారు, ధాన్యం ధర బట్టి అది పెరిగేది, తగ్గేది. 1925లో ఒక చట్టంతో ధరతో పని లేకుండా స్థిరం చేసేశారు. తర్వాత ధాన్యం ధరలు పాతాళానికి పోయాయి, దశమభాగం మాత్రం ఉన్నచోటే ఉంది. ఆసామి చర్చికి వెళ్లేవాడైనా కాకపోయినా కట్టాల్సిందే. వోర్తమ్‌లో జప్తుకి వస్తున్నారని తెలిసి మోస్లీ అనే బ్రిటిష్ నాయకుడి నల్లచొక్కాల ఫాసిస్టులు దిగారు, కందకాలు తవ్వారు, పోలీసులు 19 మందిని పట్టుకుపోయారు. ఊరి గొడవ ఎక్కడుంటే అక్కడ వాలిపోయే రకం వాళ్లు, మనకీ కొత్త కాదు. 1936లో టైద్ రద్దయింది. బదులుగా భూమి ఉన్నవాళ్లు ప్రభుత్వానికి 60 ఏళ్లు వాయిదాలు కట్టాలన్నారు, అంటే 1996 దాకా. "మా హోమ్‌లోన్ నయం" అన్నాడు అల్లుడు. 1977లోనే దాన్ని ముగించేశారని చెబితే కాస్త నిరాశపడ్డాడు.

ఆ ఆసాములది నిజమైన కష్టమే, కాదనను. కానీ కూలిరేటు తగ్గించాలని 1923లో పట్టుబట్టింది కూడా ఈ ప్రాంతపు ఆసాములే. కాబట్టి నాకు ఈ రాయి ముందు బర్‌స్టన్ గోడ ముందు కదిలినట్టు మనసు కదల్లేదు. అక్కడ గోడ నిండా మనుషుల సంఘాల పేర్లు. ఇక్కడ పందుల లెక్క.

వాన పెద్దదైంది. కారెక్కేసరికి నా బూట్లు, అమ్మాయి చున్నీ, అన్నీ తడిసి ముద్ద. అల్లుడు తాళం తిప్పి వెనక్కి చూశాడు. "హీటర్ వెయ్యమంటారా మామయ్యా?"

"నన్నడగడం దేనికయ్యా, వెయ్యి" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను. అమ్మాయి అద్దంలోంచి నా వైపు చూసింది.