వేడెక్కాకే మిస్సయ్యే బండి

పాత పెట్రోల్ కారు సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతోంది, సీటు కింద దడదడ వస్తోంది అని షెడ్డుకి తీసుకెళ్తే చాలాచోట్ల బానెట్ ఎత్తకముందే ప్లగ్గులు మార్చేద్దాం సార్ అంటారు, ప్లగ్గులయ్యాక వాటికి కరెంటిచ్చే కాయిల్ అంటారు, కాయిల్ అయ్యాక పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, చివరికి ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పోయిందేమో సార్ అనేదాకా వెళ్తది. చాలా బళ్ళకి నిజంగా ప్లగ్గుల్తోనే పోతది కాబట్టి వాళ్ళని పూర్తిగా తప్పు పట్టలేం. కానీ ఇంజిన్ మండాల్సినప్పుడు మండకుండా అసలు ఎప్పుడు మిస్సవుతోంది అని ఎవ్వరూ అడగరు, నా బాధ అదీ. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీదా, వేడెక్కాకా, ఏసీ వేస్తేనా, వాన పడితేనా, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడా, ఖాళీగా నిలబడ్డప్పుడా. దీనికి సరిగ్గా జవాబు చెప్పగలిగితే సగం పని ఇంట్లోనే అయిపోయినట్టు.

మా ఇంట్లో ఉన్నది 2010 మోడల్ చిన్న హ్యాచ్‌బ్యాక్, నాలుగు సిలిండర్లు, కొన్న కొత్తల్లోనే నాన్న గ్యాస్ కిట్ పెట్టించాడు, అప్పటి పెట్రోల్ రేట్లకి హైదరాబాద్‌లో చాలామంది అదే పని చేశారు. దీని జబ్బు ఏంటంటే పొద్దున స్టార్ట్ చేస్తే కుట్టు మిషన్ కూడా దీనికన్నా ఎక్కువ సౌండ్ చేస్తదేమో అనిపిస్తది, అంత స్మూత్. ఆఫీసుకెళ్ళే దారిలో ట్రాఫిక్‌లో ఓ అరగంట ఇరుక్కుని ఇంజిన్ బాగా కాగాక మొదలవుతది వణుకు, న్యూట్రల్‌లో ఆర్పీఎం ముల్లు 800 దగ్గర నిలబడకుండా 600కి జారి మళ్ళీ ఎక్కుతది, ఎక్సలేటర్ కొంచెం తొక్కితే మాత్రం ఏమీ తెలీదు. పెట్రోల్ మీదైనా అంతే గ్యాస్ మీదైనా అంతే. ఇది ముఖ్యం, ఎందుకంటే రెండిటి మీదా ఒకేలా చేస్తుంటే ఇంజెక్టర్లనీ ఫ్యూయల్ పంపునీ అనుమానించాల్సిన పని చాలావరకు తగ్గిపోతది.

800 ఆర్పీఎంలో నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ నిమిషానికి 400 సార్లు మండుతది, అన్నీ కలిపి 1600. అందులో ఒక సిలిండర్ సరిగ్గా మండకపోతే మనకి తెలిసే ఆ కుదుపే మిస్సింగ్. మండాలంటే స్పార్క్ కావాలి, గాలి-పెట్రోల్ సరైన పాళ్ళలో కావాలి, ఆ మిశ్రమాన్ని గట్టిగా నొక్కే కంప్రెషన్ కావాలి. షెడ్డుల్లో మొదటి రెండిటి మీదే డబ్బులు ఖర్చయిపోతాయి, మూడోది చూడాలంటే గేజ్ తియ్యాలి, ప్లగ్గులన్నీ విప్పాలి, టైం పడతది కాబట్టి ఎవరికీ ఓపిక ఉండదు.

ఇంకో గొడవ ఏంటంటే వణుకంతా మిస్సింగ్ కాదు. ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లు పదేళ్ళు దాటాక గట్టిపడో చిట్లో పోతాయి, అప్పుడు ఇంజిన్ బాగానే తిరుగుతున్నా దాని వణుకంతా బాడీకి ఎక్కేస్తది. తేడా కనిపెట్టడం తేలికే, ఆర్పీఎం ముల్లు కదలకుండా నిలబడి బండి మాత్రం ఊగుతుంటే ముందు మౌంటింగులు చూడాలి, ముల్లు కూడా పడిలేస్తుంటే ఇంజిన్ లోపలి సంగతి. మూడు సిలిండర్ల ఇంజిన్లకి పుట్టుకతోనే కొంచెం వణుకు ఉంటది, కొత్తగా సెకండ్ హ్యాండ్‌లో అలాంటిది కొన్నవాళ్ళు ఊరికే కంగారు పడకండి.

స్కానర్ పెడితే తెలిసిపోతది కదా అంటారు. 2013 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్ళకైతే నిజమే, మన దేశంలో అప్పటినుంచే ఓబీడీ-2 (బండి తన లోపాలు తానే కోడ్‌లుగా చెప్పే ఏర్పాటు) తప్పనిసరి చేశారు, చవకలో దొరికే బ్లూటూత్ డాంగిల్ పెట్టి ఫోన్లో చూసినా పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0302 అంటే రెండోది, పీ0300 అంటే ఫలానాది అని కాదు అక్కడా ఇక్కడా మిస్సవుతోంది అని చెప్తది. చెక్ ఇంజిన్ లైట్ ఊరికే వెలిగితే మెల్లగా ఇంటికెళ్ళొచ్చు, కొట్టుకుంటూ వెలిగితే మాత్రం ఎక్సలేటర్ వదిలేసి పక్కకి ఆపెయ్యడమే మంచిది, మండని పెట్రోల్ పోయి సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లో మండి దాన్ని కాల్చేస్తది, దాని రేటు వింటే పాత బండి మీద ప్రేమ అక్కడే చచ్చిపోతది. మా బండి బీఎస్-4 పొగ నిబంధనలు మొదలైన ఏడాదిది, 2010 ఏప్రిల్‌లో 13 ఊళ్ళలో ముందుగా పెట్టినప్పుడు హైదరాబాద్ కూడా ఉంది, దాంతోపాటు వచ్చింది ఓబీడీ-1. దీనికి స్కానర్ పెడితే సెన్సర్ రీడింగులు వస్తాయి కానీ మిస్సింగ్ ఏ సిలిండర్లో అని చెప్పదు. "సార్ స్కానింగ్‌లో ఏం రాలే, బండి మంచిగుంది" అన్నారు ఒక పెద్ద వర్క్‌షాప్‌లో, బండి అక్కడే నిలబడి వణుకుతుండగా.

ఇలాంటి బళ్ళకి పాత పద్ధతులే దిక్కు. ఇంజిన్ వణుకుతున్నప్పుడే ఒక్కో ఇంజెక్టర్ సాకెట్ పీకి చూడాలి, బాగున్న సిలిండర్ది పీకితే ఇంజిన్ ఇంకా డీలా పడిపోతది, పీకినా ఏ మార్పూ లేదంటే పనిచెయ్యనిది అదే. ప్లగ్ వైరు పీకి చూసే అలవాటు కొంతమందికి ఉంది, షాక్ కొడతది, పైగా మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి పోతది, వద్దు. పాత సాకెట్ల ప్లాస్టిక్ లాకులు పెళుసుగా ఉంటాయి, లాగేముందు లాక్ పూర్తిగా నొక్కి పట్టుకోండి. మాకు రెండో సిలిండర్ సాకెట్ పీకితే ఇంజిన్‌కి చీమ కుట్టినట్టు కూడా లేదు.

ఏ సిలిండరో తెలిశాక పని సులువవుతది. మా ఇంజిన్‌కి రెండే కాయిల్స్, ఒకటో నాలుగో సిలిండర్లకి ఒకటి, రెండో మూడో సిలిండర్లకి ఇంకోటి. కాయిల్ పోయుంటే మామూలుగా జతలో ఉన్న రెండూ మిస్సవ్వాలి, ఒక్క రెండోదే పోతోందంటే కాయిల్ మీద అనుమానం తక్కువ, ప్లగ్గూ వైరూ మిగుల్తాయి. అవి రెండూ మూడో సిలిండర్‌తో అటూ ఇటూ మార్చాం, జబ్బు వాటితో పాటు మూడోదానికి పోలేదు, రెండో దాంట్లోనే ఉండిపోయింది. ఒక్కో సిలిండర్‌కి ఒక్కో కాయిల్ ఉన్న కొత్త బళ్ళకి కూడా కాయిల్స్ ఇలాగే మార్చి చూడొచ్చు, కొత్తది కొనకుండానే తెలిసిపోతది.

ప్లగ్ విప్పినప్పుడు పారేసే ముందు ఒకసారి వెలుతుర్లో పెట్టి చూడండి. మొన లేత గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యం, పొడి మసి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది, జిడ్డు నలుపు అయితే ఆయిల్ పైకొస్తోంది, తెల్లటి పింగాణీ మీద నిలువుగా పెన్సిల్ గీత లాంటి నల్ల గీత కనిపిస్తే స్పార్క్ గ్యాప్ దగ్గర దూకకుండా పక్కనుంచి లీకవుతోంది. ప్లగ్ గుంటలో ఆయిల్ నిలిచి ఉంటే ఇంజిన్ పైనుండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ పోయినట్టు, అది మార్చకుండా ప్లగ్గులు మార్చి లాభం లేదు. వానాకాలంలోనే మిస్సవుతోందంటే రాత్రి లైట్లార్పేసి ఇంజిన్ రన్నింగ్‌లో ఉండగా వైర్ల మీద కొంచెం నీళ్ళు స్ప్రే చేసి దూరం నుంచి చూడండి, లీకుంటే నీలం రంగు మెరుపులు కనిపిస్తాయి. అన్నట్టు అపార్ట్‌మెంట్ సెల్లార్లో బండి పెట్టేవాళ్ళు ముందు ఎలుకల సంగతి చూస్కోండి, ఇంజెక్టర్ వైరు సగం కొరికి వదిలేస్తే అది తగిలినప్పుడు పనిచేస్తది తగలనప్పుడు చెయ్యదు, ఆ ఒక్క వైరు కోసం ఎన్ని పార్టులు మార్చేస్తారో.

గాలి లీకులు వేరే రకం. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి వచ్చే సన్న రబ్బరు పైపులు వేడికి ఎండిపోతాయి, మా బండిది ట్యాపెట్ కవర్ నుంచి వచ్చే పైపు చేత్తో వంచితే అప్పడంలా పుటుక్కున విరిగింది. లెక్కలోకి రాని గాలి లోపలికి పోతే మిశ్రమం పల్చనవుతది, ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, లోపలికి పోయే మొత్తం గాలే తక్కువ కాబట్టి ఆ దొంగ గాలి ప్రభావం అప్పుడే ఎక్కువ. లైవ్ డేటా వచ్చే బండైతే ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీఎం పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె) చూడండి, ఐడిల్‌లో ప్లస్ 15, 20 చూపించి 2500 ఆర్పీఎంకి తీసుకెళ్తే సున్నా దగ్గరికి వచ్చేస్తుంటే గాలి లీకు, ఉల్టాగా లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే ఫిల్టరో పంపో నీరసపడింది. మేం ఆ పైపు మార్చాం, ఐడ్లింగ్ కొంచెం మెరుగైంది కానీ వేడెక్కాక వచ్చే మిస్సింగ్ పోలేదు. పాత బళ్ళతో ఇదో తలనొప్పి, ఒకేసారి రెండు మూడు జబ్బులు ఉంటాయి, ఒకటి దొరగ్గానే అదే అనుకుని ఆగిపోతాం.

ఈమధ్య ఏ బండి వణికినా ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) మీదకి తోసేస్తున్నారు. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా లీటరుకి మూడో వంతు దాకా తక్కువ, మండడానికి గాలి కూడా తక్కువ సరిపోద్ది, కాబట్టి పాత ట్యూనింగ్ ఉన్న బండికి మిశ్రమం కొంచెం పల్చగా అనిపిస్తది, పాత రబ్బర్లకి కూడా మంచిది కాదు, ఇవన్నీ ఒప్పుకుంటా. కానీ ఇంజిన్ వేడెక్కాక ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీఎం ఆ లోటు సర్దుకుంటది, సర్దుకోలేనిది చల్లటి స్టార్టింగ్‌లో, ఎందుకంటే అప్పుడు సెన్సర్ ఇంకా పనిలోకి రాదు. అంటే పెట్రోల్ వల్ల వచ్చే ఇబ్బంది పొద్దున్నే కనిపించాలి, నాలుగు సిలిండర్లలో సమానంగా కనిపించాలి. వేడెక్కాక ఒక్క సిలిండర్లోనే వస్తే దానికీ బంకులో పెట్రోల్‌కీ సంబంధం కలపడం కష్టం.

మా వీధి చివర షెడ్డు అన్న దగ్గర ఉన్న ఓపిక ఇంకెక్కడా దొరకలేదు నాకు. ఆయన సైలెన్సర్ మూతి దగ్గర ఒక పాత పార్కింగ్ స్లిప్ పట్టుకోమన్నాడు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ అయితే కాయితం ఒకే తీరుగా బయటికి రెపరెపలాడతది, మాది మాత్రం రెపరెపలాడుతూ ఉండుండి టక్కున మూతికి అతుక్కునేది, మళ్ళీ వదిలేది. "చూసిన్రా సార్, లోపలికి గుంజుతుంది, ఎగ్జాస్ట్ వాల్ మూస్తలేదు" అన్నాడు. పిస్టన్ కిందికి దిగి గాలి పీల్చుకునేటప్పుడు ఎగ్జాస్ట్ వాల్వ్ (పొగ బయటికి పోయే తలుపు) పూర్తిగా మూసుకోకపోతే సైలెన్సర్ వైపు నుంచి కూడా వెనక్కి పీల్చుకుంటది, ఆ కాయితం చెప్పేది అదే.

తర్వాత కంప్రెషన్ గేజ్. చల్లగా చూస్తే నాలుగూ ఇంచుమించు 170 పీఎస్ఐ, అనుమానం వచ్చేంత తేడా లేదు. ఇంతకుముందు ఒకచోట చూసి బాగుంది అన్నది ఇలాగే, చల్లటి ఇంజిన్ మీద. అన్న ఇంజిన్ బాగా కాగేదాకా నడిపి ఆపి, ప్లగ్గులు విప్పితే హెడ్ (సిలిండర్ల మీదుండే ఇంజిన్ పై భాగం) థ్రెడ్లు పాడవ్వని వేడికి దిగేదాకా ఆగి, ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసేసి, నన్ను ఎక్సలేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టమన్నాడు. మూడు సిలిండర్లు 170 పైనే, రెండోది 120 కూడా దాటలేదు. అందులో నాలుగు చుక్కలు ఇంజిన్ ఆయిల్ వేసి మళ్ళీ చూశాడు, పెరగలేదు. పిస్టన్ రింగులు అరిగుంటే ఆయిల్ ఆ సందు మూసి రీడింగ్ పెరగాలి, పెరగలేదంటే వాల్వే. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోయి ఉంటే హెడ్ ప్యాకింగ్ అనుకోవాలి, అదీ కాదు.

మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు ట్యాపెట్ కవర్ విప్పి ఫీలర్ గేజ్ పెట్టాడు. మా ఇంజిన్‌కి స్క్రూతో ట్యాపెట్ సెట్టింగ్, అంటే వాల్వ్ కాడకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు, సరిచేసుకోవచ్చు. రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ దగ్గర 0.05 మిల్లీమీటర్ల బ్లేడు, గేజ్‌లో అన్నిటికన్నా పల్చటిది, అది కూడా రాసుకుంటూ బలవంతంగా దూరింది, ఉండాల్సింది మిల్లీమీటర్‌లో పావు వంతు అటూ ఇటూగా. గ్యాస్ మీద ఏళ్ళ తరబడి నడిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు అరుగుతది, వాల్వ్ హెడ్‌లోకి కొంచెం కొంచెంగా దిగిపోతది, దాని కాడ అటువైపు పైకొస్తది, రాకర్‌కీ దానికీ మధ్య ఉండాల్సిన సందు కరిగిపోతది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ కాస్త సందు సరిపోయి వాల్వ్ మూసుకుంటది, వేడెక్కి కాడ సాగగానే సందు సున్నా, వాల్వ్ వెంట్రుకవాసి తెరుచుకునే ఉంటది. ఐడిల్‌లో పిస్టన్ నెమ్మదిగా వెళ్తది కాబట్టి నొక్కిన గాలి అందులోంచి జారిపోవడానికి టైం దొరుకుద్ది, ఆర్పీఎం పెంచితే టైం దొరకదు, అందుకే ఎక్సలేటర్ తొక్కితే బాగుండేది.

ఇందులో జనాలకి ఉల్టాగా తెలిసిన విషయం ఒకటుంది. ట్యాపెట్ సౌండ్ టికటిక వస్తే భయపడతారు, అస్సలు రాకపోతే ఇంజిన్ సూపర్ అనుకుంటారు. సౌండ్ వచ్చే ట్యాపెట్ చిరాకు పెడతది అంతే, సౌండ్ లేకుండా బిగుసుకుపోయిందే వాల్వ్‌ని కాల్చేస్తది, ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిలో ఎక్కువ భాగం సీటుకి ఆనుకున్నప్పుడే వదిలించుకుంటది, ఆనుకోకపోతే ఆ వేడి ఎటు పోవాలి? ఆయిల్ ఒత్తిడితో సందు వాటంతటవే సర్దుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లున్న ఇంజిన్లకి ఈ సెట్టింగ్ గొడవ ఉండదు, బకెట్ షిమ్ములు (సందుని సర్దే చిన్న బిళ్ళలు) ఉన్న వాటికి ఉంటది కానీ షిమ్ములు మార్చాలి, పని ఎక్కువ. మీ ఇంజిన్ ఏ రకమో, గ్యాప్ ఎంతో, చల్లగా చూడాలో వేడిగా చూడాలో సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోవాల్సిందే, అందాజగా పెట్టించొద్దు.

ఎనిమిది వాల్వుల సెట్టింగులూ సరిచేశాక వేడి మీద రెండో సిలిండర్ 155కి వచ్చింది, సిగ్నల్ దగ్గర ముల్లు నిలబడుతోంది. ఆర్సీ రెన్యువల్ టైంలో పొల్యూషన్ సెంటర్లో ఇచ్చిన చీటీలు పాతవీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే హెచ్‌సీ (మండని పెట్రోల్) అంకె బాగా తగ్గింది, సీఓ (కార్బన్ మోనాక్సైడ్) మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకేలా ఉంది. సీఓ మామూలుగా ఉండి హెచ్‌సీ ఒక్కటే ఎక్కువుంటే మండకుండా పెట్రోల్ బయటికి పోతోందని, రెండూ ఎక్కువుంటే పెట్రోల్ ఎక్కువ పడుతోందని అర్థం, ఆ చీటీ మడిచి డాష్‌బోర్డులో పడేసే ముందు ఈ రెండు అంకెలు చూసినా చాలు.

155 అంటే మిగతావాటికన్నా ఇంకా తక్కువే, వాల్వ్ అంచు కొంచెం కాలి ఉంటది అంటున్నాడు అన్న. గ్యాస్ వాడకం ఆపేశాం, పది వేల కిలోమీటర్లకి మళ్ళీ కవర్ విప్పి గ్యాప్ చూద్దాం, అప్పటికే మళ్ళీ తగ్గిపోయుంటే హెడ్ దించి సీట్లు మార్చడమే అన్నాడు. ఆ ఖర్చుకి నాన్న సరే అంటున్నాడు, మా ఆవిడేమో ఆ డబ్బులు డౌన్ పేమెంట్‌లో వేద్దాం అంటోంది, ఇంట్లో ఇంకా తేలలేదు.