ఆర్కిడ్‌కి నీళ్లు ఎప్పుడు పోయాలో వేరుని చూసి తెలుసుకోండి

ఆర్కిడ్ కొత్తగా కొన్నవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే. "వారానికి ఎన్నిసార్లు పోయాలండీ నీళ్లు?" నర్సరీ అతను అప్పటికే ఏదో ఒక లెక్క చెప్పి పంపి ఉంటాడు, వారానికోసారనో రెండుసార్లనో. ఆ లెక్క పట్టుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. కూకట్‌పల్లిలో మా నాలుగో అంతస్తు బాల్కనీలో ఏప్రిల్ ఎండలకి రెండు రోజుల్లో ఎండిపోయే కుండీ, ఆగస్టు ముసురు పట్టిందంటే వారం దాటినా తడారదు. ఇదే రకం మొక్క విశాఖలో మా వదిన ఇంట్లోనూ ఉంది. సముద్రం పక్కనే కాబట్టి అక్కడ గాలిలోనే బోలెడు తేమ. "నువ్వు పోసినన్ని నీళ్లు నేను పోశానంటే వేళ్లు కుళ్లిపోతాయే" అంటుంది. నిజమే మరి.

మనం ఇళ్లలో పెంచే ఆర్కిడ్ రకాలు ఫలెనాప్సిస్, డెండ్రోబియం, వాండా, ఇవేవీ మట్టిలో బతికే మొక్కలు కావు. అడవిలో చెట్ల కొమ్మల్ని పట్టుకుని, వేళ్లని గాలికి వదిలేసి పెరుగుతాయి. మన తూర్పు కనుమల వైపు మామిడి చెట్ల మీద కూడా ఒక రకం వాండా కనిపిస్తుంది. అది చెట్టు రసం పీల్చదు, కొమ్మ మీద చోటు మాత్రం తీసుకుంటుంది. వాన పడితే దాని వేరు నిలువునా తడుస్తుంది, వాన వెలిశాక గాలికి ఆరిపోతుంది. ఆ తడుపూ కావాలి, ఆ ఆరుదలా కావాలి. ఇళ్లలో ఆర్కిడ్‌లు నీళ్లు చాలక పోయేవి తక్కువ. కుండీ ఎప్పుడూ తడిగా ఉండి, వేరుకి గాలాడక కుళ్లిపోయేవే ఎక్కువ.

ఒక్కసారి ఆ వేరుని దగ్గరగా చూడండి. దాని చుట్టూ వెలమెన్ అని స్పాంజిలాంటి పొర ఉంటుంది, అంతా చచ్చిన కణాలే. ఆరి ఉన్నప్పుడు ఆ కణాల నిండా గాలి ఉంటుంది కాబట్టి వేరు వెండిలా తెల్లగా కనిపిస్తుంది. దాని మీద ఒక చెంచాడు నీళ్లు పోయండి. చూస్తుండగానే నీరు తగిలినంత మేరా తెలుపు పోయి ఆకుపచ్చ బయటపడుతుంది. పొర నీటితో నిండితే లోపలి పత్రహరితం పైకి కనబడుతుంది, అంతే. నాకైతే ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. వేరు పచ్చగా ఉంటే ఆగాలి. వెండి రంగుకి తిరిగితే నీళ్లకి వేళైనట్టు. అందుకే నా ఫలెనాప్సిస్‌లన్నీ లోపల కనబడే ప్లాస్టిక్ కుండీల్లోనే ఉంటాయి. కుండీ లోపలి గోడకి చెమ్మ పట్టి ఉంటే ఆ రోజుకి పని లేదు. మట్టికుండీ అయితే ఒక చీపురుపుల్ల లోపలికంటా గుచ్చి, పది నిమిషాలాగి తీసి చెంపకి ఆనించుకుంటాను. చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. అలవాటైతే కుండీ ఎత్తగానే బరువుని బట్టి చేతికే తెలిసిపోతుంది.

కొత్తగా తెచ్చిన మొక్క దగ్గర ఇంకో మెలిక ఉంది. చాలావాటికి కుండీ నడుమ, సరిగ్గా మొదలు కింద, స్ఫాగ్నమ్ నాచు ఉండ ఒకటి బిగుసుకుని ఉంటుంది. మొక్క చిన్నగా ఉన్నప్పుడు అందులో పెంచి, తర్వాత చుట్టూ బెరడు ముక్కలు నింపి అమ్ముతారు. పైన బెరడు గలగలలాడుతుంటుంది, లోపల ఉండ ముద్దగా ఉంటుంది. పైది చూసి మనం పోస్తూ పోతాం, లోపల మొదలు కుళ్లుతుంది. పూలు రాలిపోయాక నేను ఆ ఉండని వేళ్లు తెగకుండా మెల్లగా విప్పి తీసేసి, బెరడు, బొగ్గు, కొబ్బరి డొక్క ముక్కలు కలిపి నింపుతాను. డొక్క ముక్కల్లో ఉప్పు ఉంటుంది, నీళ్లు మారుస్తూ బాగా నానబెట్టి కడిగితే గానీ వాడకూడదు.

పోయడం పొద్దున్నే. పోసేటప్పుడు కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా పోయాలి. రోజూ నాలుగు చుక్కలు చిలకరించి సరిపెట్టడం అస్సలు వద్దు, పై ముక్కలు తడుస్తాయి గానీ కింది వేరుకి అందదు, లవణాలన్నీ కుండీలోనే పేరుకుంటాయి. పోశాక నీళ్లు పూర్తిగా కారిపోనిచ్చి, అప్పుడే దాని చోట్లో పెట్టాలి. కింద ప్లేటులో గానీ, అందం కోసం పెట్టే పింగాణీ కుండీలో గానీ నీళ్లు నిలవకూడదు. మొక్కలన్నిటినీ వరసగా ఒకే బకెట్ నీళ్లలో ముంచి తీసేవాళ్లున్నారు. ఒకదానికి తెగులుంటే అన్నిటికీ అంటుతుంది. ఫలెనాప్సిస్‌కి ఆకుల నడుమ గుంటలో నీళ్లు నిలిస్తే టిష్యూ పేపర్ మెలితిప్పి అద్దేయండి. దానికి పైకి ఎదిగే మొగ్గ అదొక్కటే, అది కుళ్లితే ఇక పైకి ఎదగదు.

హైదరాబాద్ వాళ్లు వీటన్నిటికంటే ఎక్కువ పట్టించుకోవాల్సింది అసలు ఏ నీళ్లు పోస్తున్నామన్నది. మా బోరు నీళ్లలో టీడీఎస్ మీటర్, అంటే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చూపేది, ముంచితే 900 చుట్టూ చూపిస్తుంది. మనుషులు తాగే నీళ్లకే మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండటం మేలు. వాననీటికి అలవాటైన వేరు ఈ బోరు నీళ్లని ఎలా తట్టుకుంటుంది? కుండీ అంచునా బెరడు మీదా తెల్లటి పొడి కడుతుంది, వేరు కొసలు నల్లబడి ఆగిపోతాయి. "మాకు సాఫ్ట్‌నర్ ఉందిగా" అంటారు చాలామంది. సాఫ్ట్‌నర్ చేసే పని కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని వాటి బదులు సోడియం వదలడం. సబ్బు నురగ బాగా వస్తుంది, గీజర్ నాలుగు రోజులు ఎక్కువ మన్నుతుంది, టీడీఎస్ మాత్రం తగ్గదు. పైగా సోడియం మొక్కకి ఇంకా చేటు. నేను వానాకాలంలో వాననీళ్లు డబ్బాల్లో పట్టి మూత పెట్టి ఉంచుతాను, ఎండాకాలంలో ఏసీ నుంచి కారే నీళ్లు పడతాను. రెండూ లేనప్పుడు ఆర్‌ఓ మంచినీళ్లే పోస్తాను. ఆర్‌ఓ పక్కగొట్టం నుంచి వృథాగా పోయే నీళ్లు మాత్రం పొరపాటున కూడా పోయకండి, లవణాలన్నీ చిక్కబడి ఉండేది అందులోనే. మే నెల మధ్యాహ్నం మిద్దె మీద ట్యాంకు నీళ్లూ అంతే, చేతికే వేడి తగులుతుంటే వేరుకి ఇంకెలా ఉంటుంది?

నీళ్లు పోసే బదులు కుండీలో ఐసు ముక్కలు పెట్టమనే సలహా వీడియోల్లో తరచూ కనిపిస్తుంది. దాని మీద పరీక్ష కూడా జరిగింది. ఒహాయో స్టేట్, జార్జియా విశ్వవిద్యాలయాల వాళ్లు 2017లో ప్రచురించారు. బెరడులో పెరిగే ఫలెనాప్సిస్‌కి వారానికి మూడు ముక్కలు పెట్టినా పూలు నిలిచే కాలం తగ్గలేదట. కాబట్టి మొక్కకి హాని అని నేననను. కానీ అది ఇళ్ల లోపల పెట్టిన మొక్కల సంగతి. మన ఏప్రిల్ గాలికి మూడు ముక్కల నీళ్లు ఏ మూలకీ రావు, లవణాలూ కడుక్కుపోవు.

ఆకులు ముడతలు పడి వేలాడుతుంటే అందరూ చేసేది నీళ్లు పెంచడం. ఇక్కడే మొక్కలు పోతాయి. నీళ్లు తక్కువైనా ఆకు ముడుచుకుంటుంది, ఎక్కువై వేళ్లు కుళ్లినా ముడుచుకుంటుంది, ఎందుకంటే వేరు లేనిదే నీళ్లు పైకి ఎక్కవు. ముందు వేరుని రెండు చేతివేళ్లతో నొక్కండి. గట్టిగా తెల్లగా ఉంటే దాహం, పోయండి. మెత్తగా గోధుమరంగులో ఉండి నొక్కగానే పొర ఊడి లోపలి దారం మిగిలిందంటే కుళ్లు. అలాంటివి శుభ్రమైన కత్తెరతో కత్తిరించి, కొత్త బెరడులోకి మార్చి, నీడన పెట్టాలి.

అన్ని రకాలకీ ఒకేలా నీళ్లు పోయడం కూడా కుదరదు. డెండ్రోబియం కాండాల్లో నీళ్లు దాచుకుంటుంది, చలికాలంలో తగ్గించినా తట్టుకుంటుంది. బుట్టలో వేలాడే వాండాకి చుట్టూ బెరడు ఉండదు కాబట్టి ఎండాకాలంలో రోజూ తడపాలి, ఒక్కోసారి రెండు పూటలా. ఎరువు 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండేది) దొరుకుతుంది కదా, ప్యాకెట్ మీద రాసినదాంట్లో పావు వంతు చాలు, అదీ ముందు మంచినీళ్లతో వేరు తడిపాకే. నెలకోసారి ఎరువు మానేసి, ఉత్త నీళ్లతో కుండీ మొత్తం కడిగినట్టు పోస్తాను.

సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు బయల్దేరే రోజు పొద్దున్నే ఫలెనాప్సిస్‌కి బాగా నీళ్లు పోసి, కారిపోయాక, ఎండ తగలని చోట పెట్టి వెళ్లండి. ఆ చలికి వారం పైన కూడా ఆగుతుంది. పక్కింటివాళ్లకి తాళం ఇచ్చి వెళ్తుంటే మటుకు, తులసికి పోయమనండి, వాండా ఉంటే దానికీ పోయమనండి, మిగతా ఆర్కిడ్‌ల జోలికి వెళ్లొద్దని స్పష్టంగా చెప్పండి.