ఒకరి గాలి అయిపోతే అందరూ పైకే

డాలస్ తెలుగువాళ్లకి మెక్సికోలోని కాన్‌కూన్ అంటే రిసార్టు, స్విమ్మింగ్ పూలు, చిచెన్ ఇట్జా, మళ్లీ రిసార్టు. థ్యాంక్స్‌గివింగ్ సెలవులకి మేమూ అదంతా చేశాం. ఆ ఫొటోలు ఈపాటికి అందరి ఫోన్లలోనూ ఉంటాయి కాబట్టి వదిలేస్తాను. నా మనసంతా స్కూబా డైవింగ్ చేయడానికి వెళ్లిన కొజుమెల్ ద్వీపం మీదే ఉంది.

ప్లాయా దెల్ కార్మెన్ నుంచి ఫెర్రీలో ముప్పావు గంట. ఈత రాకపోయినా పడవలో కూర్చుని చూస్తానంటూ బావమరిది నా వెంట బయల్దేరాడు. సగం దూరం వెళ్లేసరికి నిమ్మకాయ వాసన చూస్తూ "బావా, ఇంకెంతసేపు?" అని మొదలెట్టాడు.

రెండు సిలిండర్ల ట్రిప్పు, అంటే రెండు డైవ్‌లు, 110 డాలర్లని ముందే మాట్లాడుకున్నాం. కౌంటర్ దగ్గరికి వెళ్లాక వెట్‌సూట్‌కి వేరే, లోతూ సమయమూ చూపించే డైవ్ కంప్యూటర్‌కి వేరే, పడవలో ఊరికే కూర్చునే బావమరిదికి ఇంకో 40. మెరైన్ పార్క్ ఫీజు మాత్రం నాకు బాధ అనిపించలేదు. 1996లో ఈ పగడపు దిబ్బల్ని నేషనల్ పార్క్ చేశారు. దిబ్బ మీద లంగరు వేయకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు, సన్‌స్క్రీన్ రాసుకుని దిగకూడదు. ఆ ఫలితం నీళ్లలోకి తల పెట్టగానే తెలుస్తుంది.

పలంకార్ అనే దిబ్బ దగ్గర దిగాం. రుషికొండలో నీళ్లు కాస్త మసగ్గానే ఉంటాయి, పక్కవాడి ఫిన్స్ కనిపిస్తే అదే గొప్ప. ఇక్కడ కింద ఇసుక మీద మా నీడలు కూడా కనిపించాయి. పైగా ఈదక్కర్లేదు. ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి మనల్ని మోసుకుపోతుంది, రైల్లో కిటికీ పక్కన కూర్చున్నట్టు దిబ్బలన్నీ మన ముందు నుంచి వెళ్తుంటాయి. మన బుడగల్ని చూసుకుంటూ పడవ పైన వెంటే వస్తుంది.

సరిగ్గా మజా మొదలయ్యే వేళకి మా గుంపులో ఒక పెద్దమనిషి గుప్పిట గుండెకి ఆనించాడు. గాలి తక్కువైందని దానర్థం. ఆయన్ని అనడానికేమీ లేదు. కొత్తగా నేర్చుకున్నాడు, టెన్షన్‌లో చేతులూ కాళ్లూ ఆడిస్తూనే ఉన్నాడు. 20 మీటర్ల లోతులో ఒక్కో ఊపిరికీ పైన కంటే మూడింతల గాలి ఖర్చవుతుంది.

గైడు మా అందరికీ బొటనవేలు చూపించాడు. నీళ్లలో అది శభాష్ కాదు, పైకి పదమని. సిలిండర్లో గాలి ఎంతుందో చూపించే నా గేజ్ తిప్పి చూపించాను. 3000 పీఎస్ఐతో దిగితే ఇంకా 1600 ఉంది, అంటే సగానికి పైనే. గేజ్ చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ అదే బొటనవేలు. పైకి తేలేముందు జాగ్రత్త కోసం ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగినప్పుడు కూడా నా కళ్లు ఆ గేజ్ మీదే ఉన్నాయి. మొత్తం కలిపి 32 నిమిషాలు.

పడవెక్కాక అడిగాను. "గ్రూప్ డైవ్ కదా సార్" అన్నాడు. నిజానికి గాలి తక్కువైనవాళ్లని జోడీతో పైకి పంపి, మిగతావాళ్లతో గైడు ముందుకి సాగిపోవడం ఇక్కడ చాలా పడవల్లో మామూలే. పైనుంచి ఎక్కించుకోవడానికి పడవ ఎలాగూ వెంటే ఉంటుంది. బుక్ చేసుకునేటప్పుడు 50 నిమిషాలన్నారు కదా అంటే, అది ఆఫీసు వాళ్లనడగండన్నాడు. ఆఫీసులో అడిగితే గైడు నిర్ణయమన్నారు. రెండో డైవ్‌లోనూ ఇదే వరస. మన ఊళ్లో షేర్ ఆటో వాడు కూడా దిగాల్సిన చోటే దింపుతాడని బావమరిదితో అంటే, "నాకైతే తొందరగా వచ్చేయడమే నచ్చింది బావా" అన్నాడు.

ఆ రాత్రి ద్వీపంలోనే ఉండిపోయి, ఆరుగురికి మించి ఎక్కించుకోని చిన్న పడవలున్న ఇంకో షాపుకి ఫోన్ చేశాను. ధర అడగలేదు. ఒకరి గాలి అయిపోతే అందరినీ పైకి తెస్తారా అని అడిగాను. అవతలావిడ నవ్వి, ఎవరి గాలి వాళ్లదే అంది. పాతిక డాలర్లు ఎక్కువైంది. మర్నాడు మొదటి డైవ్‌లో 61 నిమిషాలు నీళ్లలో ఉన్నాను.

రెండో డైవ్ తక్కువ లోతులో. గైడు ఒక రాతి అంచు కింద టార్చి వేసింది. చదునైన తల, దాని మీద చారలు, గడ్డం కింద వేలాడే పోగులు, పసుపు అంచు రెక్కలు. టోడ్‌ఫిష్. ఈ ద్వీపం చుట్టుపక్కల తప్ప బయట కనిపించడం అరుదు. కదలకుండా నోరు తెరిచి మూస్తూ కూర్చుంది. వెనక తొందరపెట్టేవాళ్లు లేరు కాబట్టి తనివితీరా చూశాను. టిప్పు ఆ గైడు చేతికే ఇచ్చాను.

మధ్యాహ్నం ఇంకో డైవ్ ఉంది వస్తారా అని అడిగారు. డైవింగ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి, మా ఫ్లైటు మర్నాడు పొద్దున్న ఎనిమిదికి. కుదరదన్నాను. బావమరిది మొహంలో అంత సంతోషం ట్రిప్పు మొత్తంలో అప్పుడే చూశాను.