సొరంగంలో మంటకి పోయేవాళ్లు ముందు గాలి లెక్క నేర్చుకోవాలి

ఫైర్ సర్వీసులో కొత్తగా చేరిన కుర్రాళ్లు కలిసినప్పుడల్లా సొరంగం మంటల సంగతి ఎత్తుతుంటాను. "మన నెల్లూరులో రోడ్డు సొరంగాలు ఎక్కడున్నాయన్నా?" అంటారు. నిజమే, ఉన్నది రైలు సొరంగం. రాపూరు, చెర్లోపల్లి మధ్య వెలిగొండల్ని తొలిచి ఆరున్నర కిలోమీటర్లకు పైగా వేశారు, 2019 నుంచి గూడ్సు బండ్లు పోతున్నాయి. ఉమ్మడి ప్రకాశంలో దోర్నాల వైపు వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల సొరంగాలున్నాయి. అయినా మన లారీలు మన జిల్లాలోనే ఆగిపోవు కదా, చీమకుర్తిలో లోడెత్తుకుని దేశమంతా తిరుగుతాయి. జమ్మూ దారిలో చెనాని–నాశ్రీ సొరంగమొక్కటే 9 కిలోమీటర్లు. అందుకే ఈ పని తెలిసిన మనుషులు మన దగ్గర కూడా ఉండాలని గట్టిగా అనుకుంటాను.

1999 మార్చి 24న ఫ్రాన్స్, ఇటలీ మధ్య 11.6 కిలోమీటర్ల మాంట్ బ్లాంక్ సొరంగంలో ఒక లారీ తగలబడింది. 39 మంది పోయారు. మంట పూర్తిగా ఆరడానికి 53 గంటలు పట్టింది. ఆ లారీలో ఉన్నది పెట్రోలు కాదు, గ్యాసు కాదు, గోధుమపిండి, మార్గరీన్, అంటే డాల్డాలాంటి కొవ్వు. ప్రమాదకర సరుకు అని బోర్డు కట్టాల్సిన లోడే కాదది. కృష్ణపట్నం దగ్గరి వంటనూనె ఫ్యాక్టరీల నుంచి రోజూ ఎన్ని ట్యాంకర్లు హైవే ఎక్కుతాయో చూసేవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. 2003లో నార్వేలో రూనెహామర్ అనే పాత సొరంగంలో కర్రలు, ప్లాస్టిక్, ఫర్నిచర్ లాంటి మామూలు లారీ లోడ్లు తగలబెట్టి కొలిచారు, వేడి 200 మెగావాట్ల దాకా ఎగబాకింది. ఒక కారు మంట 5 మెగావాట్ల లెక్క. లోపల ఏం తగలబడుతోందన్నది ముందే కనుక్కోమని నేను పదే పదే చెప్పేది అందుకే.

మాంట్ బ్లాంక్‌లో మంటని మించి నష్టం చేసింది పొగ. సొరంగాన్ని రెండు వైపులా రెండు వేరే కంట్రోల్ రూములు నడిపేవి. ఇటలీ వైపు నుంచి తాజా గాలి లోపలికి తోస్తూనే ఉన్నారు, ఆ గాలికి పొగంతా ఫ్రాన్స్ వైపు పరిగెత్తింది. అటు నుంచి వెళ్లిన ఫైర్‌మెన్ బండ్లు పొగలో ఆగిపోయాయి, వాళ్లు గోడలోని చిన్న షెల్టర్లలో గంటల తరబడి చిక్కుకుపోయారు, వాళ్ల అధికారి ఒకాయన చనిపోయాడు. వాళ్లకి ధైర్యం తక్కువై కాదు. ఫ్యాన్లు ఎవరి చేతిలో ఉన్నాయి, గాలి ఎటు పోతోంది, మనం ఏ వైపు నుంచి వెళ్లాలి అన్న మూడు ప్రశ్నలకి జవాబు ఒక్కచోట లేదు.

ఇంటి మంటలో తలుపో కిటికీయో తీస్తే పొగ బయటికి పోతుంది. సొరంగంలో పొగకి పోవడానికి రెండు కొసలే. మొదట పైకప్పుకి అంటుకుని సాగుతుంది, కింద మనిషి నడిచేంత చోటుంటుంది. దూరం పోయేకొద్దీ చల్లబడి కిందికి దిగిపోతుంది. తొందరపడి ఫ్యాన్లు జోరుగా వేస్తే ఆ పొర చెదిరి కిందున్నవాళ్ల మీద పడుతుంది. పెద్ద మంట దగ్గర పొగ వెనక్కి మళ్లకుండా ఆపాలంటే గాలి సెకనుకి దాదాపు 3 మీటర్ల వేగంతో ఒకే దిక్కుకి పోవాలి, మనవాళ్లు ఆ గాలి వీపుకి తగిలేలా దాని వెంటే లోపలికి వెళ్లాలి. రెండు గొట్టాల సొరంగమైతే మంట లేని గొట్టంలోంచి వెళ్లి, అడ్డదారి తలుపుల్లోంచి దూరాలి.

ఇక వీపు మీద గాలి. పొగలో ఊపిరి కోసం వీపున కట్టుకునే బీఏ సెట్‌లో, 300 బార్ల ఒత్తిడి దాకా నింపిన 6 లీటర్ల సిలిండర్‌లో సుమారు 1800 లీటర్ల గాలి ఉంటుంది. బరువులు మోస్తూ కష్టపడితే నిమిషానికి 50 లీటర్లు ఎక్కడికీ చాలవు, సరే, 50 అనే అనుకుందాం. పోవడానికి ఎంత వాడామో తిరిగి రావడానికి దానికి రెట్టింపు ఉంచుకోవాలని జర్మనీ ఫైర్ సర్వీసు నియమం. అంటే లోపలికి పోవడానికి 600 లీటర్లు, 12 నిమిషాలు. కళ్లు కనపడని పొగలో, గోడ తడుముకుంటూ, హోసు లాక్కుంటూ 12 నిమిషాల్లో ఎంత దూరం పోతారో మీరే ఆలోచించండి. యూరప్ రోడ్డు సొరంగాల్లోనే ఎమర్జెన్సీ దారుల మధ్య 500 మీటర్ల దాకా ఉండొచ్చు. ఈ లెక్క నోటికి రావాలి, ఎందుకంటే లోపల టెన్షన్‌లో ఎవరికీ లెక్కలు తోచవు.

స్విట్జర్లాండ్‌లో బాల్స్తాల్, లుంగెర్న్ అనే చోట్ల దీనికోసమే శిక్షణ సొరంగాలు కట్టుకున్నారు. అక్కడ ఒక జట్టు మంట మీదికి పోతుంది, ఇంకో జట్టు మనుషుల్ని వెతుకుతుంది. ఆర్పడం కూడా కాపాడడంలో భాగమే అంటారు, పొగ పుట్టేది ఆగితేనే కదా లోపలున్నవాళ్లకి ఊపిరాడేది.

అలాంటి సొరంగం కట్టేంత డబ్బు మనకి ఇప్పుడప్పుడే రాదు. ఒంగోలులో ఖాళీగా ఉన్న పొడవాటి పొగాకు గోడౌన్ ఒకటి అడిగి తీసుకుంటే చాలావరకు నేర్చుకోవచ్చు. చీకటి చేసి, ఉత్తుత్తి పొగ నింపి, లోపల పాత లారీలు, కార్లు వరసగా పెట్టాలి. ఒకడు గోడ వదలకూడదు, మిగతావాళ్లు తాడు పట్టుకుని బండి బండీ తడమాలి, చూసిన బండి మీద సుద్దతో గీత గీయాలి, లేకపోతే దాన్నే రెండోసారి వెతుకుతూ గాలి తగలేస్తారు. ప్రతివాడు ఎన్ని బార్‌లతో వెళ్లాడు, ఎన్నితో వచ్చాడు అన్నది గేటు దగ్గర ఒకరు పుస్తకంలో రాయాలి. 15 మీటర్ల హోసులైతే 300 మీటర్ల లోపలికి 20 ముక్కలు కలపాలి, అదీ ఒకసారి చేసి చూడాలి. రాపూరు వైపు స్టేషన్లవాళ్లు రైల్వేవాళ్లతో కలిసి కూర్చుని కరెంటు లైను ఎవరు ఆపుతారు, ఫోన్ ఎవరికి చెయ్యాలి అన్నది ముందే తేల్చుకోవాలి.

డ్రైవర్ అన్నలకి కూడా ఒక మాట. మాంట్ బ్లాంక్‌లో పోయినవాళ్లలో చాలామంది తమ బండ్లలోనే ఉండిపోయారు. ముందు పొగ కనిపిస్తే పక్కకి ఆపి ఇంజన్ కట్టేయండి, తాళం బండిలోనే వదిలేయండి, ఫైర్‌వాళ్లు అవసరమైతే జరుపుకుంటారు. సొరంగంలోని ఎమర్జెన్సీ ఫోన్ దగ్గరుంటే అది ఎత్తండి, దానితో మీరెక్కడున్నారో కంట్రోల్ రూముకి తెలుస్తుంది. లోడు కోసం, సామాను కోసం ఆగకుండా మంటకి దూరంగా దగ్గరి తలుపు వైపు నడవండి. క్లీనర్ నిద్రపోతుంటే లేపి తీసుకెళ్లండి.